‘ఎవరు చెప్పారు’ మేడం

మా చెల్లెలికి బళ్లో పిల్లలు పెట్టిన పేరు ‘ఎవరు చెప్పారు’ మేడం. అది అక్కడ లైబ్రేరియన్. నాది బడికి ఎదురుగానే టైలరింగ్ షాపు. మధ్యాహ్నం ఇద్దరికీ కలిపి క్యారేజీ నేనే పట్టుకెళ్తాను. లేకపోతే ఆ మహాతల్లికి ఆకలన్న సంగతే గుర్తుండదు. అలా వెళ్లి కూర్చుని కూర్చుని దాని పాఠాలు సగం నాకూ వచ్చేశాయి.

ఏటా తొమ్మిదో తరగతి వాళ్లకి ఒక పాత నాటకకర్త గురించీ, ఆయన కాలం గురించీ ప్రాజెక్టు ఇస్తారు. ఆయన పోయి వందేళ్ల పైమాటే. నాటకాలు మిగిలాయి గానీ మనిషి సంగతులు తెలిసింది తక్కువ. పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని, మొదట కనబడిన పేజీని ఎత్తి కాగితం మీద పోసేస్తారు. మా చెల్లెలు వెనకాల నిలబడి మెల్లగా అడుగుతుంది.

“ఎవరు చెప్పారు?”

“ఈ పేజీలో ఉంది మేడం.”

“ఆ పేజీకి ఎవరు చెప్పారు?”

మొదట అన్న మనిషి దొరికేదాకా వదలదు. ఒకసారి ఒకడు, ఆయన రోజుకో నాటకం రాసేవాడట అని పట్టుకొచ్చాడు. తవ్వగా తవ్వగా అది ఎవరో సభలో పొగడ్తకి అన్న మాట. “పొగిడే నోటికి అడ్డేముంది నాన్నా” అని నవ్వేసింది. కోప్పడటం రాదు దానికి. మా ఇంటి కోపమంతా దేవుడు నాకే కట్టబెట్టాడు.

పోయినేడు అది లైబ్రరీ తరఫున ఆ రచయిత గురించి నెట్లో ఒక పేజీ పెట్టింది. మంచి పుస్తకాల పేర్లు, ఆ కాలం ముచ్చట్లు, అన్నీ ఓపిగ్గా ఎక్కించింది. అంతా బాగానే ఉంది.

ఈ ఏడు ప్రాజెక్టు మొదలైంది. నేను క్యారేజీ విప్పుతుంటే ఒక కళ్లజోడు పిల్ల పిలిచింది.

“మేడం, ఈయన చేతికి గడియారం ఉంది చూడండి. అప్పట్లో మగవాళ్లు గొలుసు గడియారం జేబులో పెట్టుకునేవాళ్లని మీరే చదివించారు కదా?”

చెల్లెలు వంగి చూసింది. నేనూ చూశాను. నల్లకోటు, దువ్విన మీసం, గడ్డం కింద చెయ్యి. ఆ ఫోటో చూసి దాని మొహం పాలిపోయింది. అయినా అలవాటు పోతుందా, “ఎవరు చెప్పారో చూడమ్మా” అంది. ఆ పిల్ల ఒక్కో పేజీ దాటుకుంటూ వెనక్కి వెళ్లింది. పాఠాలు చెప్పే పెద్ద సైటు, దాని వెనక ఒక పత్రిక, దాని వెనక ఇంకెవరిదో బ్లాగు.

చివరికి కుక్కిన పేనులా అయిపోయి గొణిగింది. “మేడం... ఇది మన లైబ్రరీ పేజీ.”

ఆ ఫోటోలో ఉన్నది రచయిత కాదు. మా నాన్న. పగలు బస్సు నడిపేవాడు, సాయంత్రాలు తోటి డ్రైవర్లతో కలిసి నాటకాలు వేసేవాడు. ఆ రచయిత జీవితం మీద వేసిన నాటకంలో రచయిత వేషం ఆయనదే. బస్సు టైము తప్పుతుందేమోనని చేతి గడియారం స్నానానికి తప్ప తీసేవాడు కాదు, స్టేజి మీద కూడా! చెల్లెలు ముచ్చటపడి ఆ ఫోటో పేజీలో పైన పెట్టింది. కింద పేరు రాయలేదు. ఎందుకు రాయాలి? ఆయన బస్సెక్కని వాళ్లు ఈ చుట్టుపక్కల ఎవరున్నారు కనక! కానీ నెట్లోకి వచ్చేవాళ్లంతా ఆయన బస్సెక్కలేదు కదా. అసలు రచయితకి ఎక్కడా ఫోటో లేదాయె, దొరికిందే చాలనుకుని అందరూ ఎత్తుకుపోయారు.

పిల్లలు వెళ్లాక దాని చెయ్యి పట్టుకున్నాను.

“నోరు మూసుకుని ఊరుకోవే. ఎవరి సొమ్ము పోయింది? ఎక్కడెక్కడి పిల్లలో నాన్న మొహం చూస్తున్నారు. బస్సు తోలుకున్న మనిషికి ఇంతకంటే ఏం కావాలి?”

నిజంగానే అలా అనిపించింది నాకు. గర్వంతో గుండె నిండిపోయింది. నాన్నని తలుచుకునేవాళ్లు ఇంక మేమిద్దరమే. ఆ ఫోటో తీసేస్తే మళ్లీ మా గోడ మీద మేకుకే వచ్చేస్తాడు.

“నాకు మాత్రం తీయాలని ఉందా అక్కా?” అని ఏడ్చేసింది. “కానీ రేపు ఏ మొహం పెట్టుకుని పిల్లల్ని అడగను?”

మర్నాడు క్లాసు ముందు నిలబడి, తప్పు తనదేనని చెప్పింది. ఫోటో తీసేసింది. పిల్లలతో కలిసి ఒక్కో సైటుకీ ఉత్తరం పంపింది. నేను అలిగాను. క్యారేజీ బల్లమీద పెట్టి, పలకరిస్తున్నా పలక్కుండా వచ్చేసేదాన్ని. వాళ్లు తీసేశారు, వీళ్లు తీసేశారు అని పిల్లలు సంబరంగా చెబుతుంటే, మా నాన్నని ఒక్కో ఇంట్లోంచి బయటికి పంపేస్తున్నట్టు ఉండేది.

ఒక రోజు నేను వెళ్లేసరికి పిల్లలంతా ఒక కంప్యూటర్ చుట్టూ మూగి ఉన్నారు. ఆ పెద్ద సైటు వాళ్ల జవాబు వచ్చింది. కళ్లజోడు పిల్ల పైకి చదివింది. “ఇది ఆ మహారచయిత అసలైన చిత్రమే. అన్నిచోట్లా ఇదే వాడుకలో ఉంది. మీరు పొరబడ్డారు.”

చెల్లెలు తల దించుకుని కూర్చుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏంటీ? మా నాన్న ఎవరో వాళ్లు నాకు చెప్తారా?”

అలకా లేదు, గిలకా లేదు. స్టూలు లాక్కుని ఆ పిల్ల పక్కన కూలబడ్డాను.

“నాకు టైపు రాదు తల్లీ, నువ్వు కొట్టు, నేను చెప్తాను. ఆ కోటు ఎడమ జేబు చూడండి, వంకరగా ఉంటుంది. నేను పని నేర్చుకునేటప్పుడు మొట్టమొదట కుట్టిన కోటది. విప్పి మళ్లీ కుడతాను నాన్నా అంటే, వద్దమ్మా, బంగారంలా ఉంది అని అలాగే వేసుకుని స్టేజి ఎక్కాడు...”

చెల్లెలు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. పిల్ల టైపు ఆపేసి నా వంకే చూస్తోంది.

“ఆపకమ్మా, రాయి. ఆయన మీ రచయిత కాదు, మా నాన్న. మా నాన్నని మాకిచ్చేయండి.”