పెడల్ పక్కన పాదం

ఆపరేషన్ గదిలో కుడి పాదం కింద పెడల్ చల్లగా తగలగానే నాకు సుమతి మేడం గుర్తొస్తారు. నాందేడ్‌లో మోతిబిందు, అంటే కంటి శుక్లం ఆపరేషన్లు నాకు నేర్పింది ఆవిడే. చెప్పులు విడిచి, ఒట్టి కాలితో కూర్చునేవారు. చీకటి గదిలో సూక్ష్మదర్శిని కింద ఒక్క కన్ను మాత్రమే వెలుగుతుండేది. మిగతా లోకమంతా ఎటో తేలిపోయినట్టుండేది.

పెడల్ కొంచెం నొక్కితే కంటిలోకి నీళ్లు వెళ్తాయి. మరికాస్త నొక్కితే యంత్రం సన్నగా మోగుతూ, మసకబారిన కటకాన్ని ముక్కలు చేసి లాగేస్తుంది. అంతా పాదం చేతిలోనే ఉంటుంది. నాకది ఎంతకీ పట్టుబడలేదు.

"నా కాలు మీద నీ కాలు పెట్టు బేటా" అన్నారొక రోజు.

పెద్దవాళ్లకు కాలు తగిలితే కళ్లకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని. తటపటాయించాను.

"పెట్టు. చూస్తే రాదు ఇది. కాలుకే తెల్వాలె."

పెట్టాను. ఆమె పాదం కదిలిందో లేదో తెలియనంత మెల్లగా కదిలింది. యంత్రం స్వరం మారింది. నిద్రలో ఎవరో ఊపిరి తీసుకున్నట్టు అనిపించింది.

కొన్నేళ్ల తర్వాత ఒక ఉదయం, ధర్మాబాద్ నుంచి వచ్చిన ముసలాయనకు ఆపరేషన్ చేస్తున్నారు. నేను పక్కనే ఉన్నాను. మధ్యలో యంత్రం మూగబోయింది.

"పెడల్ నడుస్తలేదు, చూడు" అన్నారు.

వంగి చూశాను. పెడల్ బాగానే ఉంది. ఆమె పాదం దాని పక్కన నేలను నొక్కుతోంది.

"మేడం, మీ కాలు కింద ఉంది."

ఆమె కిందికి చూడలేదు. నీళ్లు ఆగిపోతే కన్ను లోపలికి కుంగిపోతుంది. వణకని చేతులతో పరికరాన్ని బయటికి తీశారు. లేచి నిలబడ్డారు.

"నువ్వు కూసో."

"ఏమైందమ్మా?" అన్నాడు ముసలాయన.

"ఏం కాలే తాతా. మిగిలింది ఈ డాక్టరమ్మ చేస్తది. నేను ఈడనే ఉన్న."

గ్లౌజులు విప్పి, అయ్యేదాకా ఆయన చేయి పట్టుకుని ఉన్నారు. కన్ను దక్కింది.

"చేతులు మంచిగనే ఉన్నయి గద మేడం" అన్నాను బయటికొచ్చాక.

"చేతులనే చూసుకుంట ఉన్న బేటా. షుగరు కాళ్లకెల్లి వచ్చింది. తిమ్మిరే అనుకున్న."

మళ్లీ ఆ స్టూలు మీద ఆవిడ కూర్చోలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం గోదావరి ఘాట్‌కు వెళ్లాం. గురుద్వారా వైపు నుంచి కీర్తన లీలగా వినిపిస్తోంది. మేడం మెట్టు మీద కూర్చుని రెండు పాదాలూ నీళ్లలో పెట్టారు. చాలాసేపు వాటినే చూశారు.

"నీళ్లు సల్లగున్నయా బేటా?"

"సల్లగున్నయి మేడం."

ఆ ప్రశ్నలో సిగ్గు లేదు, దుఃఖమూ వినిపించలేదు. తనకు తెలియనిది పక్కనున్న మనిషిని అడిగారు, అంతే. నాకు తెలియనిది ఎదురైన ప్రతిసారీ ఆ గొంతుతో అడగాలనే చూస్తాను. ఇంకా పూర్తిగా రాలేదు.