ఒక్క మాట, సార్

వాగు అవతలి అడవి పల్లెలు చూసే హెల్త్ అసిస్టెంట్ ఆయన. సెల్‌ఫోన్లు ఖమ్మం దాటి ఆ అడవిలోకి ఇంకా రాని రోజులు. ఏది అడగాలన్నా నెలకోసారి మా ఆసుపత్రిలో జరిగే మీటింగులోనే అడగాలి. ఆయన చివరి బెంచీలో, నా పక్కన కూర్చునేవాడు. రెండుసార్లు దగ్గి, "ఒక్క మాట, సార్" అనేవాడు. ఆ మాట మాత్రం ఏనాడూ గొంతు దాటేది కాదు.

వైరా నుంచి బదిలీ మీద వచ్చిన నాకు, నలుగురిలో కలవడానికి దొరికిన సులువైన దారి ఆయన గొంతు. అచ్చం ఆయనలా దగ్గి "ఒక్క మాట, సార్" అంటే డాక్టరు గారితో సహా అందరూ నవ్వేవారు. ఆయన కూడా నవ్వేవాడు, తల దించుకుని.

ఒక వానాకాలం ఆయన లేచాడు. దగ్గాడు. ఈసారి మొత్తం వచ్చింది.

"ఒక్క మాట, సార్. మా ఊళ్లల్ల మలేరియా గోలీలు అయిపోయినయ్. వాగు పొంగకముందే పంపాలె."

సంతకాలు పెడుతున్న డాక్టరు గారు తలెత్తకుండానే నా పేరు పిలిచి, "ఇగ చాలు తియ్యవయ్యా, ప్రతిసారీ గదేనా?" అన్నారు. అందరూ నవ్వారు. మాట్లాడింది నేను కాదని చెప్పొచ్చు. చెప్పలేదు, నేనూ నవ్వాను. ఆయన కూర్చున్నాడు.

మరుసటి నెల మీటింగులో, ఆయన పల్లెల్లో జ్వరంతో పోయిన ఇద్దరు పిల్లల పేర్లు చదివారు.

"గోలీలు లేవని ముందే నోరు తెరిచి చెప్పొద్దా?" అని డాక్టరు గారు అరిచారు.

ఆయన లేచి, ఒక్కసారి నా వైపు చూశాడు. దగ్గలేదు. "తప్పైంది సార్" అన్నాడు.

బయట టీ తాగుతుంటే, మళ్లీ ఆయనలా చేసి చూపించమని ఎవరో అడిగారు. "తప్పైంది సార్" కూడా అచ్చం ఆయన గొంతుతోనే అన్నాను.

నవ్వారు.