పడమటి దూలం అతుకు

మా మేస్త్రి పోయాడని సబ్బవరం నుంచి వచ్చిన చెరుకు బండివాడు చెప్పాడు. ఇనపపనిలో ఆయన దగ్గర చెయ్యి తిరిగినవాళ్లం అనకాపల్లిలో ఇంకా కొందరం ఉన్నాం. అందరికీ ఆయన మామే.

యుద్ధం ముగిశాక, విప్పేసిన మిలిటరీ షెడ్డు ఇనుముతో ఇక్కడ బెల్లం గోదాము కట్టాం. పని మొదలుపెట్టే ముందు మామ దూలం మీద అరచెయ్యి ఆనించి ఉంచేవాడు, పడుకున్న గేదెను తాకినట్టు. బోల్టులన్నీ ముందు ఆనేదాకా తిప్పాలి. ఆ తర్వాత మధ్య నుంచి అంచులకు వస్తూ గట్టిగా బిగించాలి.

"ఒక్కదాన్నే బిగించీసేవనుకో, పక్కది వదులైపోతాది. అన్నీ కలిసి పట్టాల" అనేవాడు.

పడమటి దూలం రెండు ముక్కల్ని ఇనప ప్లేట్లతో కలిపిన అతుకు దగ్గర మాత్రం, సాయంత్రం బిగించిన నట్లు తెల్లారేసరికి వేళ్లతో తిరిగేవి. ఎవరూ ఎక్కలేదని కాపలావాడు ఒట్టేశాడు. పాత చోట షెడ్డు విప్పేటప్పుడు ఒక మనిషి ఆ దూలం మీంచి పడి చచ్చిపోయాడని మాకు తెలుసు. ఇక మేం ఎక్కం అని మావాళ్లు కూర్చున్నారు.

"దెయ్యమే అవనీ. దూలం పడితే సచ్చీది కింద ఇటికలు మోసీవోళ్లు కదరా. విప్పి సూద్దాం" అన్నాడు మామ.

కూలీల్ని బయటికి పంపి, దూలం కింద దుంగలు నిలబెట్టి, ఆయనా నేనూ ఎక్కాం. గాలి కదలని మధ్యాహ్నం. చివరి బోల్టు తియ్యగానే దూలం మూలిగింది. ప్లేట్ల సందులో కాగితంలా అణిగిపోయిన గుడ్డముక్క ఉంది. చొక్కా చేతి అంచు. కుట్టు కూడా కనిపిస్తోంది.

ఆ ప్లేట్లు గీకి, తుడిచి కలిపింది నేనే. అప్పుడు మధ్యలో ఏమీ లేదు.

"ఇదెలాగొచ్చింది మామా?"

"నాకేటి తెలుసు అల్లుడా? గుడ్డ అణిగేకొద్దీ నట్టు వదులవుతాది. అదొక్కటే తెలుసు."

కిందికి దిగి అందరం చొక్కాలు చూసుకున్నాం. ఎవరిదీ చిరగలేదు.

మామ ఆ గుడ్డను శారదా నదిలో వదిలి, తలదాకా నిండా మునిగి, తడిబట్టలతోనే వచ్చి ఎక్కాడు. ఈసారి పానా ఎవరికీ ఇవ్వలేదు. బిగిస్తూ మెల్లగా ఎవరితోనో అంటున్నాడు: "నీ పనైపోనాది నాయనా. మరి దిగిపో."

ఆ నట్లు మళ్లీ కదల్లేదు. ఇప్పుడు ఆ దూలం కింద నీడలోనే గోదాములో పనిచేసే ఆడవాళ్లు చద్దిమూటలు విప్పుకుంటారు. మామ ఎవరో వాళ్లకి తెలియదు.

సబ్బవరం వెళ్లి ఆఖరిచూపు చూసుకున్నాను. కుడిచెయ్యి పానా పట్టుకున్నట్టే వంగి బిగుసుకుపోయింది. అత్త ఆ వేళ్లు ఒక్కొక్కటే చాపింది. ఆమె చెయ్యి తీయగానే, అవి మధ్యవేలి నుంచి మొదలై, అంచులకు వస్తూ, నెమ్మదిగా మళ్లీ ముడుచుకున్నాయి.