మసి కడిగిన సొరబుర్ర

బట్టల ఫోటోలు తీసి తీసి నాకు విసుగొచ్చింది. హైదరాబాదు స్టూడియోలో మోడళ్ళ చీర కుచ్చిళ్ళు సరిచేయించడమే బతుకైపోయింది. ఇక కదలని వస్తువులను తీసి, మంచి కాగితం మీద పెద్ద ప్రింట్లు వేసి గోడలకెక్కించాలని బుద్ధి పుట్టింది. పుట్టకపోయినా బాగుండేది. వస్తువుల కోసం భోపాల్‌పట్నం దగ్గర మా మేనత్త ఇంటికి వెళ్ళాను. నేను పెరిగిన ఇల్లే అది.

అక్కడ పొయ్యి పైన, దూలానికి ఎండిన సొరబుర్ర వేలాడుతుంది. అందులో అత్త విత్తనపు వడ్లు, నల్ల పొట్టువి. వాళ్ళమ్మ ఇచ్చినవి. ఊళ్ళో అందరూ సొసైటీ విత్తనానికి మారిపోయారు; ఆ వడ్లు ఆమె దగ్గర తప్ప ఎక్కడా లేవు. విత్తనాల పండుగనాడు పూజ అయ్యేదాకా బుర్ర దించరు, మూతి విప్పరు. నాకు తెలియదా? చిన్నప్పటినుంచీ తెలుసు.

ఒక పొద్దున అత్త ఇప్పపువ్వు ఏరడానికి అడవికి పోగానే దించాను. ఒళ్ళంతా ఏళ్ళనాటి మసి. ఫోటోలో బుర్ర గోధుమరంగు కనబడాలి కదా, నా మొహం! కుంకుడు రసంతో రుద్ది కడిగాను, నూనె రాసి మెరిపించాను. మూతికి మెత్తిన పేడమట్టి పెళ్ళగించి, గుప్పెడు వడ్లు కంచు పళ్ళెంలో పోశాను. కిటికీ వెలుగు చక్కగా పడింది.

గంపతో వచ్చిన అత్త గడపలోనే ఆగిపోయింది.

"ఏందే ఇది? పండుగ కాకముందే ఇప్పినవా? మసెందుకు కడిగినవ్? పొగ పట్టి ఉంటెనే గద పురుగు రానిది!"

"మళ్ళ కడ్త గద అత్తా. ఏమైతది?"

ఆమె గంప ఎత్తుకుని పెరట్లో ఇప్పపువ్వు ఆరబోయడానికి పోయింది. ఇంకేమన్నా వినేదాన్నీ కాదు, అంత పొగరు నాకు. గింజలు తిరిగి పోసి, మూతికి గుడ్డ కుక్కి, ఉన్నచోటే కట్టాను. లోపలికి చెమ్మ దిగిందని తట్టనే లేదు.

తొలకరి ముందు మొలక కట్టి చూస్తే ఒక్క గింజా లేవలేదట. బుర్రంతా బూజూ పురుగూ అని అత్త ఫోన్లో చెప్పింది, తిట్టకుండా. తిట్టినా బాగుండేది. అప్పుడు హైదరాబాదులో నా ప్రింట్ల ప్రదర్శన జరుగుతోంది. జనం ఆ బుర్ర ముందే ఎక్కువసేపు నిలబడి, ఎంత మంచి రంగో అని మెచ్చుకుంటున్నారు. సిగ్గుతో చచ్చాను. అయినా నవ్వుతూ వాళ్ళ పక్కన నిలబడి ఫోటోలు దిగాను. ఛీ!

ఆ ఏడు అత్త సొసైటీ విత్తనమే చల్లింది. కోతలయ్యాక, బుద్ధిలేక, ఆ ప్రింటుకే ఫ్రేము కట్టించి తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. వెలుగులోకి తిప్పి చూసింది.

"గింజలు మంచిగ కనవడ్తున్నయి బిడ్డా. చల్లితె మొలుస్తయా?"

నీళ్ళు తాగే వంకతో, ఎప్పటిలాగే వంటింట్లోకి వెళ్ళి కుండ మీది చెంబు అందుకోబోయాను.

"ఆగు, ముట్టకు," అంది వెనకనుంచి. "చుట్టానివి. కూసో, నేను తెస్త."