నేను పెట్టని రెండో సంతకం

కోవిడ్ ఆంక్షలు ఎత్తేశాక వచ్చిన వసంతంలో నన్ను ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలోని ఒక పశువైద్య కళాశాలలో, పెద్ద పశువుల విభాగానికి క్లినికల్ సూపర్‌వైజర్‌గా వేశారు. చివరి ఏడాది విద్యార్థులు విడతలుగా వచ్చి మా దగ్గర పనిచేస్తారు. ఆ విడతను రొటేషన్ అంటారు. దాని ఫలితం మీద మొదటి సంతకం మా సీనియర్ సర్జన్‌ది, రెండోది నాది.

ఒక రోజు చూడి పరీక్ష. మలద్వారం గుండా చేయి పంపి, పేగు గోడ మీదుగా గర్భాశయాన్ని తడిమి చూడాలి. ఒకే ఆవు మీద విద్యార్థులు వరుసగా నేర్చుకుంటున్నారు. తెనాలి అమ్మాయి దివ్య తన వంతులో చేయి బయటికి తీసేసరికి గ్లవ్ మీద తాజా రక్తం ఉంది. లోపలి పొర చిరిగిందనడానికి అది గుర్తు. కనిపిస్తే ఆపాలని పాఠం చెప్పేది మేమే. నేర్పుతున్న సీనియర్ సర్జన్ మాత్రం మళ్ళీ చేయి పెట్టి, ఎన్ని నెలల చూడో చెప్పమన్నారు. దివ్య గ్లవ్ తీసేసింది. తాను చేయనని, ఈ ఆవు మీద ఇంకెవరూ చేయకూడదని అందరి ముందే అంది. పక్క షెడ్డులో ఉన్న నేను ఆ గొడవ విని వచ్చి, ఆవును విడిపించి వైద్యం మొదలుపెట్టాను. గాయం పైపైనే కావడంతో మానింది.

రొటేషన్ చివర ఆయన దివ్యను ఫెయిల్ చేశారు. ఆమె నా గదికి వచ్చింది.

"సారీ చెప్తే పాస్ చేస్తారట మేడమ్. లేకపోతే ఇంకో ఇయర్ చదవాలి, మళ్ళీ వీసా ఎక్స్‌టెండ్ చేయించుకోవాలి. అయినా చెప్పను. బ్లడ్ చూశాక చెయ్యి ఎలా పెడతాను?"

"చెప్పొద్దమ్మా. నేనూ సైన్ చెయ్యను," అన్నాను.

రెండో సంతకం లేకపోవడంతో విషయం మదింపు కమిటీకి వెళ్ళింది. క్లినిక్‌లో సీనియర్ సర్జన్ మాటే చివరిదని ఆయన వాదించారు. రేపు ఒక రైతు ఆవులో రక్తం చూసి కూడా ఆగని డాక్టరుకు మనం పట్టా ఇస్తామా అని అడిగాను. విరామంలో ఆయన నా పక్కకు వచ్చి, విభాగాధిపతి పదవికి నేను పెట్టుకున్న దరఖాస్తును చూసే ప్యానెల్‌లో తానూ ఉన్నానని గుర్తుచేశారు. తిరిగి కూర్చోగానే ఆ మాటను సమావేశపు మినిట్స్‌లో రాయమని కోరాను.

కమిటీ పిలిపించిన బయటి పరీక్షకుడు దివ్యను మళ్ళీ పరీక్షించి పాస్ చేశాడు. ఇప్పుడామె అదే రాష్ట్రంలోని గిప్స్‌ల్యాండ్‌లో పాడి పశువుల డాక్టరు. విభాగాధిపతి పదవి నాకు రాలేదు. సీనియర్ అదే హోదాలో రిటైరయ్యారు.

ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది ఇది: విద్యార్థి ఎంత సరిగ్గా కాదన్నా, ఆమె మార్కులు ఇంకొకరి చేతిలో ఉన్నంతకాలం ఆ మాట ఒక్కటే నిలబడదు. హోదా ఉన్నవాళ్ళు పక్కన నిలబడాలి. దానికయ్యే నష్టం కూడా ఉద్యోగంలో భాగమే.