సూరిగాడి ఎర్రజెండా

నౌపడ అప్పలసూరి తన కూతురు నిద్రపోతోందని రైలు ఆపేశాడన్న మాట పచ్చి అబద్ధం. ముందు ఆ సంగతి తేల్చేసి తర్వాత మిగతావి చెబుతాను. ఈ మాట మా వీధిలోనే పుట్టింది. కోటబొమ్మాళి సంతకి వెళ్లి, నాలుగు రోజుల తర్వాత మళ్లీ నా గుమ్మంలోకి వచ్చేసరికి పర్లాకిమిడి పోయే చిన్నరైలు కాస్తా మెడ్రాసు మెయిలయింది. ఇంజను నీళ్లు పట్టుకోడానికి ఆగే అయిదు నిమిషాలూ అయిదు గంటలయ్యాయి. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. వింత జరిగిన ప్రతిచోటా నేనుంటాను, అది వేరే సంగతి. రైలుని సూరిగాడు ఆపలేదు. డ్రైవరుగారిని ఓ మాట అడిగాడు, అంతే.

ఒక్కటి మాత్రం నిజం. తొలిచూలు పిల్లని చూసి అంతలా హడలిపోయిన మగాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఏడుగుర్ని కన్నదాన్ని, ఈ వీధిలో నలభైమంది పసిగుడ్లకి కాళ్లమీద పడుకోబెట్టి నీళ్లు పోసినదాన్ని, చెబుతున్నాను.

సూరిగాడు రైల్వేలో పాయింట్సుమేను. పెద్ద మీట లాగి రైళ్లను ఈ పట్టామీంచి ఆ పట్టామీదకి మళ్లించే పని. ఆరడుగుల మనిషి. వాడు లాగితే మీట కాదు, మీటతోపాటు నేల కూడా కదులుతుందేమో అనిపించేది. అలాంటివాడు అరవై ఎనిమిది ఎండాకాలంలో రెండు వీశెల బరువున్న ఆడపిల్లకి తండ్రయి, గజగజా వణికిపోయాడు.

నిజానికి ఆ ఇంట్లో మొదట వణికింది సూరిగాడు కాదు, వాడి పెళ్లాం చిన్నతల్లి. పద్దెనిమిదేళ్ల పిల్ల, తల్లి లేనిది. పుట్టింట్లో పురుడు పోసే దిక్కులేక రైలు కోటర్సులోనే కంది. నేనే దగ్గరున్నాను. ఆ మొదటి నెలంతా ఆ పిల్ల నిద్రపోలేదు. బిడ్డ ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టుకుని ఊపిరి చూస్తూ కూర్చునేది. ఎవరైనా ఎత్తుకోబోతే బిడ్డని గుండెకి అదుముకుని ఏడ్చేది. తినమంటే తినదు, పలకరిస్తే పలకదు. నూతి దగ్గర అందరూ గుసగుసలు. ఎందుకు దాచాలి, "దానికి గాలి సోకినాదే" అని మొదటన్నది నేనే.

ఆ మాట కోటబొమ్మాళిలో ఉన్న చిన్నతల్లి అత్త, అదే సూరిగాడి తల్లి, దాలమ్మ చెవిన పడింది. దాలమ్మంటే మాటలా? కళ్లం మీద నిలబడి కేకేస్తే ధాన్యం దానంతటదే గాదెలోకి నడిచి పోవాలి. వచ్చింది, కోడల్ని చూసింది, అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పేసింది.

"ఒరే సూరీ! పిచ్చిదాని ఒళ్లో నా మనవరాలుండదు. మూడో నెల్లో మళ్లీ వస్తాను. అప్పటికీ ఇది ఇలాగే ఉంటే గుంటని నాను అట్టుకుపోతాను. నీ సెల్లికి పాలున్నాయి, పెంచుతాది. దీనికి మంత్రాల గురువుని పిలిపించి ఏపమండల్తో దులిపించు."

సూరిగాడు తలొంచుకుని విన్నాడు. లోపల చిన్నతల్లి కూడా వింది. 

ఆ మర్నాడు పొద్దున్నే సూరిగాడి గుమ్మానికి జెండా వెలిసింది.

పాత రవికె చింపి ఎర్రజెండా, పాత కోకచెంగు చింపి పచ్చజెండా కుట్టుకున్నాడు. పచ్చజెండా ఉంటే పాప లేచి ఉన్నట్టు, లోపలికి రావచ్చు. ఎర్రజెండా ఉంటే పాప పడుకున్నట్టు, గడప దాటకూడదు. పచ్చజెండా ఉన్నా సరే, ముందు కాళ్లూ చేతులూ సబ్బు పెట్టి కడుక్కోవాలి. ఆ తర్వాత గుమ్మంలో నిలబడి వాడడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పాలి.

"పెద్దమ్మా, దగ్గేటైనా ఉన్నాదా?"

"లేదురా."

"నిన్న?"

"నిన్నా లేదు."

"మీ ఇంట్లో మరెవరికైనా?"

"మా ఆవుకున్నాది. అది రాలేదులే, పక్కకి తప్పుకో!"

నేను నీళ్లు పోయడానికి వెళ్లిన రోజు మరీ విడ్డూరం. కాళ్లు చాపుకుని పీట మీద కూర్చున్నాను. బిందెలో నీళ్లు సిద్ధం. పిల్లకి ఆముదం పట్టించడం అయింది.

"నీళ్లెంత ఏడి పెద్దమ్మా?"

"పిల్లకి సరిపడ్డంత."

"అంటే ఎంత?"

"ఒరే, నలభైమందికి పోసినాన్రా నాను!"

"ఆ నలభైమందీ ఏరు, ఇది ఏరు" అంటూ చెంబెడు నీళ్లు ముంచి తన నెత్తిన పోసుకున్నాడు. డ్యూటీ బట్టల్తోనే. కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించి "ఏడి ఎక్కువైనాది" అన్నాడు. చన్నీళ్లు కలిపాను. మళ్లీ పోసుకున్నాడు. "ఇప్పుడు సల్లగైపోనాది." వేణ్ణీళ్లు కలిపాను. మళ్లీ పోసుకున్నాడు. అలా తూకం కుదిరేసరికి బిందెలో నీళ్లయిపోయాయి. పిల్ల పొడిపొడిగా ఉంది, తండ్రి తడిసి ముద్దయ్యాడు.

గుమ్మంలో కూర్చుని చూస్తున్న చిన్నతల్లి "మావా, పెద్దమ్మ పోస్తాదిలే, నువ్విలాగ రా" అంది. గొంతు పీలగానే ఉంది గానీ, నెలరోజుల్లో ఆ పిల్ల నోటినుంచి నేను విన్న మొదటి నిండు మాట అది.

సాంబ్రాణి పొగ వేస్తానంటే అదీ అంతే. నిప్పుల మీద గుగ్గిలం చల్లి, గంప బోర్లించగానే ముందు తనే తల దూర్చాడు. దగ్గీ దగ్గీ కళ్లు మిరపపళ్లు చేసుకుని బయటికొచ్చి "పాపకి సాంబ్రాణొద్దు, నాను తట్టుకోలేకపోయాను" అన్నాడు. చిన్నతల్లే వాడి మొహం కడిగి మంచినీళ్లు ఇచ్చింది. "దూరంగా పట్టుకుంటే ఏటీ కాదు మావా" అని తనే పిల్లని ఎత్తుకుని నిప్పులకి ఎంత దూరంలో పట్టుకోవాలో వాడికి చూపించింది.

భావనపాడు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే దానమ్మ సంగతి చెప్పకపోతే ఈ కథకి ఉప్పుండదు. దానమ్మ వీధి మొదట్లో "సేపలో!" అని కేకేస్తే వీధి చివర పిల్లులు బయల్దేరతాయి. సూరిగాడు ఎదురెళ్లి రెండు చేతులూ జోడించాడు.

"పిన్నీ, నీకు దణ్ణం పెడతాను, కేక వెయ్యకు. పాప పడుకున్నాది."

"కేకెయ్యకపోతే నా సేపలెవులు కొంటారు? నువ్వు కొంటావేటి తట్టంతా?"

"నాను సెప్తాను అందరికీ. నువ్వు నా ఎనకాల రా."

అన్నట్టుగానే వాడు ముందు, దానమ్మ వెనకాల. ఇంటింటి కిటికీ దగ్గరా ఆగి, గుట్టు చెప్పినట్టు "సేపలొచ్చేయి... కవ్వళ్లు... బాగున్నాయి..." అని గొంతు తగ్గించి చెప్పాడు. ఆడాళ్లంతా ఏం రహస్యమోనని బయటికి పరిగెత్తుకొచ్చారు. ఆ రోజు దానమ్మ తట్ట మా వీధిలోనే ఖాళీ అయిపోయింది. మర్నాటినుంచి దానమ్మే వచ్చి "ఒరే సూరీ, బేగి రారా, ఎండెక్కిపోతన్నాది" అని పిలిచేది. ఆ పిలుపుకి పాప లేచేది.

ఇక రైలు సంగతి. చిన్నరైలు డ్రైవరు జ్ఞానానందంగారు. ఆదివారం బాప్టిస్టు గుళ్లో ఆయన పాట ఎత్తుకుంటే మైకక్కర్లేదు, ఆయన ఈల కొడితే ఉప్పుమళ్లలో కొంగలు లేచిపోయేవి. ఇంజను నీళ్లు పట్టుకుంటుంటే సూరిగాడు వెళ్లి నిలబడ్డాడు. వెనకాలే నేను.

"అయ్యా, ఈల కొంచెం తగ్గించి ఎయ్యండి. పాప పడుకున్నాది."

"సరదాకి ఏస్తన్నాననుకున్నావేట్రా? మీ ఊళ్లో గంగులుగాడి గేదెలు పట్టామీదే పడుకుంటాయి. అవి లెగాలా, వద్దా?"

"గేదెల్ని నాను లేపుతాను."

"రోజూనా?"

"పాప పెద్దదయ్యేదాకా."

జ్ఞానానందంగారు వాణ్ణి కాసేపు ఎగాదిగా చూశారు. నవ్వలేదు. "సరే, పట్టా ఖాళీగా ఉంటే రూలుకెంత కావాలో అంతే ఏస్తాను" అన్నారు.

మర్నాడు నేను పనిగట్టుకుని వెళ్లి చూశాను. మిట్టమధ్యాహ్నం. కాళ్లు కాలిపోయే ఎండ. ఆరడుగుల మనిషి పట్టా వెంట నడుస్తూ ఒక్కొక్క గేదె దగ్గరా వంగి, అదిలిస్తే చప్పుడవుతుందని చెవిలో బతిమాలుతున్నాడు. "లెగమ్మా... నీకు పుణ్యముంటాది... నీకూ దూడలున్నాయి కదా..." పదకొండు గేదెలు. పదకొండూ లేచి వాడి మాట విన్నట్టు పక్కకి నడిచాయి. నవ్వుదామని వెళ్లినదాన్ని, కొంగు నోట్లో పెట్టుకుని అలా నిలబడిపోయాను. దేవుడి ఊరేగింపు పోతుంటే నిలబడిపోతామే, అలాగ.

రైలొచ్చింది. జ్ఞానానందంగారు పిల్లి తుమ్మినట్టు చిన్న ఈల వేసి వెళ్లిపోయారు. వెంటనే కోటర్సులోంచి కేర్‌మని ఏడుపు! పుట్టిన దగ్గర్నుంచీ పెద్ద ఈల వింటూ హాయిగా నిద్రపోయిన పిల్ల, ఈ కొత్త చప్పుడేమిటోనని ఉలిక్కిపడి లేచింది. చిన్నతల్లి పిల్లని భుజాన వేసుకుని బయటికొచ్చి పకపకా నవ్వింది.

"మావా, డ్రైవరుగారిని పాత ఈలే ఎయ్యమను! దీనికి ఇది సాల్లేదు!"

చిన్నతల్లి నవ్వు వినడం నాకదే మొదలు.

మూడో నెల్లో అన్నమాట ప్రకారం దాలమ్మ రైలు దిగింది. చేతిలో వెదురుబుట్ట, అందులో మెత్తటి గుడ్డల పరుపు. ఆ బుట్ట ఎందుకో వీధిలో అందరికీ తెలుసు.  గాలి సోకిందన్న నోరు నాదే కదా అనిపించింది. ఆమెకన్నా ముందు నేను సూరిగాడి గుమ్మంలో ఉన్నాను.

ఎర్రజెండా వేలాడుతోంది. సూరిగాడు అడ్డంగా నిలబడ్డాడు.

"అమ్మా, ఆగు. కాళ్లు కడుక్కో. కోక దులుపు, రైలు బొగ్గున్నాది. దగ్గున్నాదా?"

"నువ్వు పుట్టినప్పుడు నాకు దగ్గున్నాదిరా. సచ్చిపోయావేటి?"

"తుమ్ము?"

"ఒరే! నవమాసాలు మోసినదానికి జెండా సూపిస్తన్నావేట్రా?" దాలమ్మ కేకకి వీధంతా గుమ్మాల్లోకి వచ్చేసింది.

లోపల్నుంచి చిన్నతల్లి వచ్చింది. ఎర్రజెండా పీకి మొగుడి భుజాన పడేసింది. "మావా, నువ్వెళ్లి అలాగ కూకో" అని, రైలు బొగ్గుతో సహా ఉన్న అత్త చేతుల్లో పిల్లని పెట్టేసింది. నేను చిన్నతల్లి చేతులే చూస్తున్నాను. వణకలేదు.

"అట్టుకో అత్తా. ఏటీ కాదు. అది గట్టిది."

దాలమ్మ మనవరాల్ని చూసింది. తర్వాత కోడల్ని కాళ్లనుంచి తలదాకా చూసింది. "రాత్రిళ్లు పడుకుంటన్నావేటే?"

"పడుకుంటాను గానీ ఈ మావే పడుకోనివ్వడు అత్తా. ఊపిరాడుతున్నాదా సూడు, సూడు అంటాడు. బాగున్నాది మావా, పడుకో అని ఇద్దర్నీ నానే జోకొడతన్నాను."

దాలమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓలమ్మో! మంత్రాల గురువుని పిలవాల్సింది దీనికి కాదే, నా కొడుక్కి! కావాలంటే ఈణ్ణి అట్టుకుపోతాను, గుంటని మాత్రం దీని దగ్గరే ఒగ్గేస్తాను" అంది. సాయంత్రం రైలెక్కినప్పుడు ఆ బుట్ట నిండా మా పెరటి వంకాయలున్నాయి.

అందరూ నవ్వుకుంటూ ఎవరిళ్లకి వాళ్లు పోయారు. నాకు మాత్రం అన్నం సయించలేదు. అరచెయ్యి పెట్టి ఊపిరి చూసింది ఆ పిల్ల కదా? మూడు నెలలు తిరక్కుండా ఆ భయం ఆమెనొదిలి వీడికెలా పట్టింది? తెలుసుకోకపోతే నాకు నిద్రపట్టదు. మర్నాడు పొద్దున్నే వాణ్ణి మీట దగ్గరే పట్టుకున్నాను.

"ఒరే సూరీ, నిజం సెప్పు. నీకు నిజంగా అంత బయమేట్రా?"

వాడు అటూ ఇటూ చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

"నాకేటి బయం పెద్దమ్మా? అది బయపడితే గాలి సోకినాదన్నారు, నువ్వే అన్నావు. మా అమ్మ గుంటని లాక్కుపోతానన్నాది. అదే నాను బయపడ్డాననుకో, ఎర్రిబాగులోడని నవ్వుకుని ఇంటికెలిపోతారు. ఏపమండలు ఎవులూ తేరు. మరేటంటే, దాన్ని బయపడకు అంటే ఇంకా బయపడీది. అందుకని దానికి రెండింతలు నానే బయపడ్డాను. నన్ను ఊరుకోబెట్టేసరికే దానికి సరిపోనాది. మరింక దానికి బయపడ్డానికి తీరికేదీ?"

గాలి సోకిందన్న నా నోటిని కొంగుతో తుడుచుకున్నాను.  తర్వాత అడిగాను.

"మరి ఇప్పుడు దాని బయం పోనాది కదరా నాయినా. ఇంక మానెయ్యొచ్చు కదా?"

సూరిగాడు మీట మీద చెయ్యి వేసి, తలొంచుకుని, పిల్లిలా చెప్పాడు:

"మానేద్దామనే నిన్నట్నించి సూస్తన్నాను పెద్దమ్మా. నా వల్ల కావట్లేదు. ఇప్పుడు నిజంగానే బయమేస్తన్నాది."