చచ్చిన రాజు చెయ్యి

మా సినిమాలో రాజు వేషానికి రెండే షరతులు. మనిషి ఊరికే దొరకాలి, గడ్డం సొంతది అయి ఉండాలి. ఆ రెండూ ఉన్న మనిషి తార్నాకలో మా ఇంట్లోనే, స్నానాల గదిలో గొంతెత్తి డైలాగులు చెప్పుకుంటూ దొరికాడు. ఆయన మా నాన్న.

అప్పుడు నేను యూనివర్సిటీలో నాటకాల కోర్సు చదువుతున్నాను. మా సీనియర్ ఒకడు, జనగామ వైపు రైతుబిడ్డ, ఒక పాత విషాద నాటకాన్ని సినిమా తీస్తానని బయల్దేరాడు. కోపం కొద్దీ కొడుకుని అడవికి తరిమేసి, వాడు లేడని తెలిశాక తనూ ప్రాణం విడిచే రాజు కథ అది. దాన్ని సినిమాకు సరిపడా కుదించి రాయడం నా పని. కోట అంటే క్యాంపస్‌లో ఒక రాతి వరండా. అడవి అంటే హాస్టల్ వెనక తుప్పలు. సైన్యం అంటే చాయ్ ఇప్పిస్తే వచ్చేవాళ్ళు. మా డైరెక్టరు డబ్బుల్లేవు అనే మాట చచ్చినా అనడు, "మూడ్" అంటాడు. లైట్లు లేకపోతే మూడ్, సెట్టు లేకపోతే ఇంకా మంచి మూడ్.

నాన్నది బాపట్ల దగ్గర పల్లె. పెళ్ళికి ముందు ఇదే రాజు వేషం కట్టి ఊళ్ళు తిరిగేవాడు. అమ్మ వాళ్ళ నాన్నేమో పాస్టరు. ముఖానికి ఇంకెప్పుడూ రంగు పుయ్యనని మాటిస్తేనే పిల్లనిస్తానన్నారట. నాన్న మాటిచ్చాడు. గుమాస్తా ఉద్యోగంలో చేరి హైదరాబాద్ వచ్చాడు, రిటైరయ్యాడు, చర్చిలో సంఘ పెద్ద కూడా అయ్యాడు. రంగు ముఖం మీంచి పోయింది గానీ రాజు గొంతులోంచి పోలేదు. చనిపోయే ముందు రాజు చెప్పే మాటలు రోజూ స్నానం చేస్తూ చెప్పుకునేవాడు. అమ్మ వంటింట్లోంచి కేకేసేది.

"ట్యాంకులో నీళ్ళు అయిపోతున్నాయి, కాస్త తొందరగా చావండి!"

సినిమా సంగతి చెప్పగానే నాన్న నన్ను పక్కకు పిలిచాడు. "అమ్మాయ్, నువ్వు ఏది కొట్టేసినా ఆ చివరి మాటలు మాత్రం కొట్టెయ్యమాక. మీ అమ్మ ఇన్నేళ్ళూ తలుపు అవతల నుంచే విన్నది. ఒక్కసారి ఎదురుగా కూర్చుని వినాలి" అన్నాడు. సినిమాలో ముఖానికి రంగు పుయ్యడం లేదు కాబట్టి మామగారికి ఇచ్చిన మాట తప్పినట్టు కాదని తీర్పు కూడా ఆయనే చెప్పేసుకున్నాడు. పాస్టరు గారి అమ్మాయి మాత్రం షూటింగుకి రానంటే రానంది.

ఆదివారం రాజుగారికి చర్చి. అందుకని శనివారం తెల్లవారగానే వరండాలో కెమెరా పెట్టారు. నాన్న మెట్ల మీద ఒరిగి మొదలుపెట్టాడు.

"దీపము లార్పవలదు! వాడు వచ్చు త్రోవ చీకటి కారాదు!"

పైన పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. వాకింగుకి వచ్చినవాళ్ళు ఆగి చప్పట్లు కొట్టారు.

"అంకుల్, జర మెల్లగ" అన్నాడు డైరెక్టరు. "కెమెరా మీ ముక్కు కాడనే ఉన్నది. చచ్చిపోతున్నరు మీరు, గంత గట్టిగ ఎట్ల మాట్లాడ్తరు?"

"చచ్చేవాడి మాటే కదయ్యా అందరికీ వినపడాల్సింది" అన్నాడు నాన్న.

అయినా పాపం, ప్రయత్నం చేశాడు. మొదటి మాట మెల్లగానే వచ్చేది. "త్రోవ" అనే మాట దగ్గరికొచ్చేసరికి గొంతు కప్పును తాకేది. పందిరి చివర దుప్పటి కప్పుకుని కూర్చున్నవాడికి కూడా చేరాలని నేర్చిన గొంతు అది, చెబితే మాత్రం దిగుతుందా? ఎన్నిసార్లు తీసినా అంతే. చివరికి డైరెక్టరు మాటలే వద్దన్నాడు. రాజు పొగలో, మౌనంగా పోతాడు. మంచి మూడ్.

"సరే డైరెక్టరు గారూ" అన్నాడు నాన్న. అప్పటిదాకా వాణ్ణి బాబూ అని పిలిచేవాడు.

పొగ మిషను అద్దెకు తెచ్చే తాహతు మాకెక్కడిది? తార్నాక దుకాణాలకు ధూపం వెయ్యడానికి మౌలాలి నుంచి వచ్చే సాంబ్రాణి సాయిబును బతిమాలుకున్నాం. ఆయన దుకాణం దుకాణానికీ పొగ వేసి, నెమలీకల కట్ట తల మీద ఆనించి దీవిస్తాడు. మనం జేబులోంచి చిల్లర తీసి ఇస్తాం. నాన్న పొద్దుపోక కూర్చునే మందుల షాపుకు కూడా ఆయన వస్తాడు కాబట్టి ఇద్దరికీ పాత స్నేహమే.

తర్వాతి శనివారం సాయిబు వచ్చి పొగ వేశాడు. ఎండ పొగలో పడి రాతి వరండా నిజంగానే కోటైపోయింది. రాజు కళ్ళు మూసి ప్రాణం విడిచాడు. మేమంతా ఊపిరి బిగబట్టాం. సాయిబుకు పొగ వేశాక దీవించకుండా వెళ్ళడం అలవాటు లేదు. నెమలీకలు రాజు తలకు తగిలాయి. అంతే, చచ్చిన రాజు చెయ్యి లేచి, శాలువా కిందుగా చొక్కా జేబులోకి పోయింది.

"కట్! అంకుల్, మీరు చచ్చిపోయిన్రు!"

మళ్ళీ తీశాం. మళ్ళీ నెమలీకలు, మళ్ళీ జేబు. సాయిబు దీవించడం మానలేదు, సంఘ పెద్ద చిల్లర మానలేదు. నవ్వలేక కడుపు పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను. ఎండెక్కింది, సాంబ్రాణి అయిపోయింది. తీసినవాటిలో ఒకదాన్ని, నెమలీకలు కనపడకుండా కత్తిరించి వాడుకున్నాం.

సినిమాని మా క్లాసురూములోనే, గోడకు దుప్పటి కట్టి వేశాం. అమ్మ వచ్చింది! చర్చి చీర కట్టుకుని, నాన్న పక్కన బిర్రబిగుసుకుని కూర్చుంది. చివరి సీను వచ్చింది. పొగలో రాజు చెయ్యి మెల్లగా గుండెల మీదికి లేచింది. "అబ్బా, కొడుకు యాదికొచ్చి గుండె పట్టుకున్నడు" అని వెనక ఎవరో నిట్టూర్చారు.

మందుల షాపులో సాయిబు వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి ఎటు పోతుందో చూసిన అమ్మ పకపకా నవ్వింది. "గుండె కాదు నాయనా, చిల్లర తీస్తున్నారు!"

తెర నల్లబడింది. అమ్మ నవ్వు ఆగిపోయింది. "అదేంటి, అయిపోయిందా? ఆ మాటలేవి?"

"తీసేశారు" అన్నాడు నాన్న, తల వంచుకుని.

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఈ సినిమాలో అడిగింది అదొక్కటే. రోజూ నీళ్ళ గురించి కేకలేసే అమ్మే, చీకట్లో తనే మొదలుపెట్టింది.

"దీపము లార్పవలదు..."

నాన్న తలెత్తి ఆమె వైపు చూశాడు. "వాడు వచ్చు త్రోవ" అని అందుకుని చివరిదాకా చెప్పాడు. వాళ్ళ వెనక కుర్చీలోంచి ముందుకు ఒంగి ఉన్నాను కాబట్టి నాకు వినపడింది గానీ, ఆ గొంతు పక్క కుర్చీ దాటి పోయేది కాదు. అమ్మ ఆయన ముఖం మీంచి కళ్ళు తిప్పలేదు.

సరిగ్గా వాళ్ళ ముందు కుర్చీలోంచి డైరెక్టరు వెనక్కి తిరిగి, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "అంకుల్, గిదే కదా నేనడిగింది! గప్పుడెందుకు రాలే?"

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అప్పుడు మీ ఆంటీ ఇంట్లో ఉంది కదయ్యా. తార్నాక దాకా వినపడొద్దూ?"